తాతయ్యని లేపొద్దు

“నువ్వు నోరు విప్పకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదమ్మాయ్,” అన్నాను.

సిస్టర్ తలెత్తలేదు. బల్లమీది దూదిని చుట్టలు చుడుతూనే ఉంది. ఆ దూదితో ఆమెకిప్పుడు పని లేదు. డ్యూటీకి రావద్దని చెప్పేశారు. అయినా యూనిఫాం వేసుకొచ్చి, డ్యూటీ గదిలో కూర్చుని, చేతులు ఊరుకోక దూది చుడుతోంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

నాకు ఓపిక తక్కువ. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక కూడా ఆ గుణం నన్ను వదల్లేదు. ఎదుటి మనిషి అబద్ధం చెప్తే పట్టుకోగలను. నిజం చెప్తే వినగలను. రాయిలా కూర్చుంటే మాత్రం నా ఒళ్ళు మండిపోతుంది.

“మూడింటికి కమిటీ కూర్చుంటుంది. నిన్ను తీసేస్తారు. గుమ్మం బయట ఇన్‌స్పెక్టర్ కాచుకుని ఉంటాడు, అటునుంచి అటే జీపెక్కిస్తాడు. ఆ తర్వాత ఈ జన్మలో నిన్ను ఏ ఆస్పత్రీ గడప తొక్కనివ్వదు. తెలుస్తోందా?”

“తెలుసు మేడమ్.”

“తెలిసీ ఈ దూదేమిటి?”

ఆమె మరో చుట్ట చుట్టి పక్కన పెట్టింది.

ఇది ఇరవై మంచాల ఆస్పత్రి. చుట్టుపక్కల వాళ్ళు తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నారు. నడిపేది వాళ్ళలోంచి ఎన్నుకున్న కమిటీ. కట్టిన రోజు నుంచీ అధ్యక్షుడు ఒక్కడే. ఆయన్ని డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా తాతయ్య అనే పిలిచేవారు. ఊపిరితిత్తులు పాడై ఆయన ఇక్కడే పాత వార్డులో చేరాడు. పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్తామంటే, “మన ఆస్పత్రిని మనమే నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతాడ్రా?” అని మంచం దిగనన్నాడు. మొన్న సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. ఆయనకి ఆక్సిజన్ అందించే మెషీన్ ఆగిపోయింది. అది మళ్ళీ తిరిగేసరికి ఆయన లేడు.

ఆ వార్డులో ఉన్న రోగి ఆయనొక్కడే. డ్యూటీలో ఉన్నది ఈ సిస్టరొక్కతే.

నన్ను పెట్టుకున్నది ఆయన భార్య, మామ్మగారు. “ఆ పిల్ల అలాంటిది కాదమ్మా. నాకు నిజం కావాలి. ఎలాంటిదైనా సరే, నాకు చెప్పు,” అంది. అప్పుడు సరేనన్నాను. సరేననడం ఎంత తేలికో!

“పోనీ ఇది చెప్పు,” అన్నాను సిస్టర్‌తో. “కరెంటు పోగానే నువ్వు ఈ గదిలోంచి ఇంటర్‌కంలో ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడావు. అదే క్షణంలో ఆఫీసులో కమిటీ సెక్రటరీ ఫోనెత్తితే లైన్లు కలిసి నీ మాట ఆయన చెవిన పడింది. ఆ మాట అన్నావా, లేదా?”

“అన్నాను.”

“ఏమని?”

“తాతయ్యని లేపొద్దు, మనవణ్ణి లేపితే చాలు అని.”

గుమ్మం దగ్గర చప్పట్లు వినిపించాయి.

“విన్నావుగా అక్కా! తన నోటితో తనే చెప్పింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు నా కిందే పని నేర్చుకున్నాడు. నేర్చుకోవలసినదాంట్లో సగమే నేర్చుకున్నాడని నా అభిప్రాయం. నేను ఉద్యోగం మానేశాక నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపులో ప్రేమ లేదని ఇద్దరికీ తెలుసు.

“ఏం అర్థమైంది నీకు?” అన్నాను.

“అందులో అర్థం కాకపోవడానికేముంది? ముసలాయన అప్పటికే పోయాడు. ఆయన్ని లేపి లాభం లేదు, ఇంటికెళ్ళి పడుకున్న మనవణ్ణి లేపి కబురు చెప్పండి అంటోంది. అంటే ఆయన ప్రాణం పోయేటప్పుడు ఈవిడ పక్కన లేదు. ఈ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. తీరిగ్గా వెళ్ళి చూసేసరికి ఆయన నిద్రలోనే పోయి ఉన్నాడు.”

“చావు కబురు చెప్పడానికి డాక్టర్‌కి కాకుండా ఎలక్ట్రీషియన్‌కి ఎందుకు ఫోన్ చేసింది?”

“కంగార్లో ఏ నంబరు తగిలితే అది.”

“ఎలక్ట్రీషియన్ ఏమన్నాడు?”

“వాణ్ణి ఆ సాయంత్రమే స్టేషన్‌కి పట్టుకుపోయా. ఇవాళ పొద్దున్నే వదిలా. వాడూ అదే మాట ఒప్పుకున్నాడు. ఇంకెందుకక్కా నీకీ శ్రమ? మోకాళ్ళ నొప్పులంటున్నావు, ఇంటికెళ్ళి పడుకోరాదూ?”

“నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను గానీ, రా నాతో,” అని లేచాను.

పాత వార్డు వెనక గోడకి ఆనించి జనరేటర్ షెడ్డు ఉంది. రేకుల కప్పు, నూనె మరకల నేల. ఎలక్ట్రీషియన్ గడపమీద కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్‌ని చూడగానే చెంప తడుముకుంటూ లేచాడు.

“నీకేం భయం లేదు. ఒక్క మాట అడుగుతాను,” అన్నాను. “తాతయ్య ఎక్కడ?”

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఎలక్ట్రీషియన్ మాత్రం నవ్వలేదు. మూలనున్న, రంగు వెలిసిపోయిన పాత జనరేటర్ వైపు చెయ్యి చూపించాడు.

“ఇదిగోండి. లేచేముందు పావుగంట దగ్గుతాడు. అందుకని ఆస్పత్రి మొత్తం తాతయ్య అనే అంటారు. మన పెద్దాయనే పెట్టారండీ ఆ పేరు. నేనూ వాడూ ఒక్క ఈడే అనేవారు.”

“మరి మనవడు?”

“ఆ కొత్తదండి. పెద్దాయన మనవడు, ఇంజనీరు బాబు, దగ్గరుండి పెట్టించారు. అందుకని మనవడు. మీట నొక్కితే చాలు లేచిపోతాడు.”

ఇన్‌స్పెక్టర్ మొహంలో రంగు మారింది. “స్టేషన్లో ఈ ముక్క ఎందుకు చెప్పలేదురా?”

“మీరు అడగలేదు కదండీ. ‘తాతయ్యని లేపొద్దందా, లేదా’ అన్నారు. అందన్నాను. లెంపకాయ కొట్టారు. ఆ తర్వాత మీరింకేమీ అడగలేదు.”

మరోరోజైతే నేను పగలబడి నవ్వేదాన్ని. గోడ అవతలి మంచం గుర్తొచ్చి నవ్వు రాలేదు.

“మరి సెక్రటరీకి ఈ పేర్లు తెలీవా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్, కోపం ఎవరిమీద తీర్చుకోవాలో తెలీక.

“కమిటీవాళ్ళు ఈ షెడ్డుకి ఎందుకొస్తారండీ? వాళ్ళకివి ఒకటో జనరేటర్, రెండో జనరేటర్.”

“సరే, ఏ లైను దేనికుంది?” అన్నాను.

“కొత్త బ్లాకంతా మనవడికండి. పాత వార్డు ఒక్కటే తాతయ్యకి. దాన్ని కూడా మనవడికి మార్చాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. కమిటీలో ఎవరిని అడిగినా అయిపోయినట్టే అంటారు. మా కమిటీ పనులు ఎప్పుడూ అవవండీ, అన్నీ అయిపోయినట్టే ఉంటాయి.”

“అవలేదని తెలిసీ, సిస్టర్ చెప్పగానే తాతయ్యని లేపకుండా ఊరుకున్నావా?”

“అది పెద్దాయన మాటేనందండీ. అంతకు ముందు రోజు నేను సెలవు. ఆ రోజు బాబు వచ్చి చేసేశారేమో అనుకున్నా. మనవణ్ణి లేపి, కాన్పు జరుగుతోందంటే ఆపరేషన్ గదిలో లైట్లు చూడ్డానికి పరిగెత్తా. తిరిగొచ్చేసరికి పాత వార్డు చీకటిగా ఉంది. ఉరుకులమీద తాతయ్యని లేపాను. అలవాటుగా దగ్గుతూ కూర్చున్నాడు. ఈ తాతయ్య లేచేసరికి ఆ తాతయ్య పోయారు.” చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

“అంతా బాగానే ఉంది. కథ ఎవడైనా చెప్తాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “లైను మార్చలేదంటున్నావు కదా? ఇప్పుడే తేల్చేద్దాం. మెయిన్ తియ్యి. ఆ మనవణ్ణే లేపు.”

మెషీన్‌మీద రోగులెవరూ లేరని అడిగి తెలుసుకుని మెయిన్ తీయించాను. మనవడు ఒక్క నొక్కుకి లేచాడు. ముగ్గురం పాత వార్డు కిటికీ దగ్గరికి వెళ్ళాం. తలుపుకి పోలీసు సీలు అలాగే ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది.

“చూశావా అక్కా? కరెంటు వస్తోంది! మొన్న కూడా వచ్చే ఉంటుంది. మెషీన్ స్విచ్చి వేయడానికి పక్కన మనిషి లేదు, అంతే!”

ఎలక్ట్రీషియన్ కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూశాడు. “ఇదెలాగండీ? ఈ లైను లేదండీ! మా అమ్మ తోడు, లేదు!”

“సీలు తియ్యి,” అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో.

“దేనికి?”

“నువ్వు చూడకుండా వదిలేసింది చూడ్డానికి.”

గొణుక్కుంటూ తీశాడు. గదిలో ఇంకా మందుల వాసన ఉంది. మంచంమీద దుప్పటి ఎవరూ సర్దలేదు. కళ్ళజోడు దిండు పక్కనే ఉంది. మంచం తలవైపు, వెనక గోడకి ఆనుకుని, తెల్లగుడ్డ కప్పిన ఆక్సిజన్ మెషీన్.

“ఈ గుడ్డ ఎవరు కప్పారు?”

“నేనే. ఆ సాయంత్రం కొత్త గుడ్డ తెప్పించి, నా చేత్తో కప్పి, గది సీలు చేశా.”

“అయితే దానిమీద ఇటుకపొడి ఎక్కడిది?”

అతను వంగి చూశాడు. తెల్లగుడ్డమీద ఎర్రటి పొడి పలచగా రాలి ఉంది. సరిగ్గా దానిపైన, వార్డు స్విచ్‌బోర్డు అంచున, గోడలో కొత్త కన్నం. అందులో కొత్త వైరు, అటునుంచే బోర్డు వెనక్కి పోయింది. అటువైపు షెడ్డు. షెడ్డులోంచి డ్రిల్లు పెట్టి గోడ తొలిస్తే పొడి ఇటు రాలుతుంది. బోర్డు కూడా గోడ అవతలినుంచి తెరుచుకునే రకమే. తొలిచినవాడు ఈ గదిలోకి అడుగు పెట్టనక్కర్లేదు. సీలు చెక్కు చెదరదు.

“నువ్వు గుడ్డ కప్పాక రాలిన పొడి తమ్ముడూ. ఆయన పోయాకే లైను వేశారు. మొన్న ఈ మెషీన్‌కి కరెంటు రాలేదు,” అన్నాను.

ఇన్‌స్పెక్టర్ గుడ్డమీది పొడిని వేలితో తీసి చూశాడు. తర్వాత ఎలక్ట్రీషియన్ వైపు తిరిగాడు.

“వాణ్ణి చూడకు. వాడు నీ లాకప్‌లో ఉన్నాడు.”

“అయితే ఎవరు?”

నాకు తెలిసిపోయింది. పొద్దున మామ్మగారింటికి వెళ్ళినప్పుడు తలుపు తీసిన కుర్రాడి అరచేతికి కట్టు ఉంది. ఏమైందని అడిగితే గాజు గుచ్చుకుందన్నాడు. కానీ ఆ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ ముసలావిడకి ఇక మిగిలింది వాడొక్కడే.

“మూడింటికి చెప్తాను. అప్పటిదాకా సిస్టర్‌మీద చెయ్యి వేయకు,” అన్నాను.

“లైను లేకపోతే లేదు, మనిషి పక్కనుందని రుజువేది? అది మాత్రం నాకు తేలాలి,” అన్నాడతను. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

డ్యూటీ గదికి తిరిగొచ్చి తలుపు మూశాను. ఇటుకపొడి అంటిన వేలు సిస్టర్ ముందు పెట్టాను.

“లైను అయిపోయిందని తాతయ్యకి చెప్పిందెవరో నాకు తెలుసమ్మాయ్. మిగతాది నువ్వు చెప్పు.”

ఆమె చేతిలో దూది ఆగింది. ఒక్కసారిగా రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. ఏడవనిచ్చాను.

“ఎవరికీ చెప్పనని మాటివ్వండి మేడమ్. ఆయన ఆఖరి మాట అది. మామ్మగారికి కూడా చెప్పకూడదు.”

“మాటిచ్చాను. చెప్పు.”

“కరెంటు పోగానే నేను లేవబోతే, తాతయ్య మాస్కు కిందకి దించి నవ్వారు. ‘లైను మార్చేశాడమ్మా మావాడు. ఆ ముసలాణ్ణి లేపొద్దను. నా మనవడు చాలు’ అన్నారు. ఎంత గొప్పగా అన్నారో! నేనొచ్చి ఫోన్లో అదే చెప్పాను. వెనక్కి వెళ్ళేసరికి కొత్త బ్లాకులో దీపాలు వెలిగాయి. కిటికీలోంచి కనిపించాయి. ఇక్కడ వెలగలేదు. తాతయ్య ఆ దీపాల వంక చూశారు, తర్వాత మెషీన్ వంక చూశారు. ఆయనకి అర్థమైపోయింది మేడమ్.”

“సిలిండరు?”

“కొత్త బ్లాకు స్టోర్లో తాళంలో ఉంది. ఈ వార్డుకీ కొత్త బ్లాకు వార్డుకీ కలిపి ఒక్క సిస్టర్ చాలని కమిటీ తీర్మానం చేసింది కదా. నేను దానికోసం పోతే చేత్తో గాలికొట్టే సంచి ఎవరు నొక్కుతారు? మళ్ళీ ఒక్కసారి ఫోన్ దగ్గరికి ఉరికాను. షెడ్డులో ఎవరూ ఎత్తలేదు, డాక్టర్ కాన్పు దగ్గర ఉన్నారు. వచ్చి సంచి నొక్కుతూ కూర్చున్నాను. చేతులు పడిపోయేదాకా నొక్కాను. మధ్యలో నా చెయ్యి పట్టుకుని ఆపి, ‘వాడికి చెప్పకు’ అన్నారు. ‘నన్ను నిద్రపుచ్చడానికి అన్నాడు వెధవ. నేను తెలుసుకున్నానని వాడికి చెప్పకు. తట్టుకోలేడు’ అన్నారు. అంతే. మళ్ళీ మాట్లాడలేదు.”

నాకు ఏడుపు తొందరగా రాదు. ఆ పూట వచ్చింది.

ఆమె ఆయన పక్కనే ఉందని చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే. ఆయన పోతూ పోతూ ఆమె నోటికి తాళం వేసిపోయాడు.

“చూడమ్మాయ్,” అన్నాను. “నీ మాట నేను బయట పెట్టను. కానీ వాణ్ణి లైను సంగతి ఒప్పుకునేలా చేస్తాను. నిన్ను అడిగితే పక్కనే ఉన్నానని మాత్రం చెప్పు. ఆయనేమన్నారో చెప్పనక్కర్లేదు. చాలా?”

తలూపింది.

మీటింగ్ హాల్లో కమిటీ అంతా కూర్చుంది. అధ్యక్షుడి కుర్చీ ఖాళీగా ఉంచారు. దాని పక్కన మామ్మగారు, ఆవిడ పక్కన మనవడు. కట్టు కట్టిన చెయ్యి బల్లకింద పెట్టుకున్నాడు. గడ్డం పెరిగి, రెండు రోజుల్లో పదేళ్ళు మీద పడినట్టున్నాడు. సిస్టర్‌ని ద్వారం దగ్గర నిలబెట్టారు. ఆమె పక్కనే ఇన్‌స్పెక్టర్.

సెక్రటరీ గొంతు సవరించుకుని, “విధి నిర్వహణలో నిర్లక్ష్యం కారణంగా...” అని మొదలుపెట్టాడు.

నేను లేచి తెల్లగుడ్డని బల్లమీద పరిచాను. ఎర్రటి పొడి అందరికీ కనిపించింది. తాతయ్య ఎవరో, మనవడు ఎవరో, ఆ ఫోన్ మాటకి అర్థమేమిటో చెప్పాను. కొందరు తలలు దించుకున్నారు. సెక్రటరీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన పోయాక ఎవరో గోడ తొలిచి లైను వేశారని చెప్పి, ఆగాను. ఎవరని చెప్పలేదు. కుర్రాడి వైపు చూడలేదు కూడా.

కుర్చీ చప్పుడైంది.

“నేనే,” అన్నాడు మనవడు.

మామ్మగారు వాడి చొక్కా పట్టుకుంది. “నువ్వెందుకురా? ఏమంటున్నావు?”

“నేనే మామ్మా. రోజూ అడిగేవాడు, లైను పనయిందా అని. అయిపోయినట్టే తాతయ్యా అనేవాణ్ణి. ఆ రోజు ఆయాసపడుతూ మళ్ళీ అడిగాడు. ‘అయిపోయినట్టే ఏమిట్రా, అయిందా లేదా?’ అన్నాడు. ఆయన కాస్త పడుకుంటే చాలనిపించింది. ‘అయిపోయింది తాతయ్యా, నువ్వు నిద్రపో’ అన్నాను. మర్నాడు వేసేద్దామనుకున్నా మామ్మా. మర్నాడే వేసేద్దామనుకున్నా...”

ఆ కమిటీలో అయిపోయినట్టే అనని మనిషి లేడు.

“తర్వాత నీకు తెలుస్తుందని భయమేసి గోడ తొలిచాను. సిస్టర్ మీదికి పోతుందనుకోలేదు. ఆమె తప్పేం లేదు.” అంటూ వాడు ద్వారం వైపు తిరిగాడు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. “సిస్టర్, ఒక్కటి చెప్పు. తాతయ్య మేలుకున్నాడా? దీపాలు రాలేదని చూశాడా? నేను అబద్ధం చెప్పానని ఆయనకి తెలిసిందా?”

నేను సిస్టర్‌కేసి చూశాను. పక్కనే ఉన్నానని చెప్పు, అంతే చెప్పు అని కళ్ళతోనే బతిమాలాను. కానీ పక్కనే ఉన్నానంటే తర్వాతి ప్రశ్న ఏమిటో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. సంచి నొక్కుతుంటే నిద్రపోయే రోగి ఎవడుంటాడు?

“లేదు బాబూ,” అంది మెల్లగా. “ఏమీ తెలీదు ఆయనకి. నేను వెళ్ళేసరికే పోయారు. నిద్రలోనే.”

వాడు కుర్చీలో కూలబడ్డాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పీల్చుకున్నవాడిలా ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్ను తీశాడు. “నేను వెళ్ళేసరికే అన్నావు. అంటే నువ్వు పక్కన లేవు.”

“లేను సార్.”

“ఇంతమంది ముందు చెప్తున్నావు.”

“చెప్తున్నాను.”

“అక్కా, విన్నావుగా,” అన్నాడతను. ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు. జీపు తెమ్మని బయటికి సైగ చేశాడు.

నేను అడ్డం వెళ్ళబోయి ఆగిపోయాను. నేనిచ్చిన మాట నా నోరు నొక్కేసింది. సిస్టర్ నావైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అది మామ్మగారు చూసింది.

ఆవిడ మనవడి తలమీద చెయ్యి వేసి లేచింది. మెల్లగా నడిచొచ్చి నా ఎదురుగా నిలబడింది.

“ఎలాంటి నిజమైనా చెప్తానని ఒప్పుకున్నావు కదమ్మా,” అంది. “నువ్వు చెప్పు. ఆయన నిద్రలోనే పోయారా?”

ఆవిడ వెనక, కుర్రాడు కూడా కళ్ళు తుడుచుకుని నా మొహంలోకే చూస్తున్నాడు.